మిర్చి నేలలో రిజర్వుడు సీట్లు: దళిత ఓటు ఎటు?

పత్తి, మిర్చి పండే ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానాలు ఆరు: తాడికొండ, వేమూరు, ప్రత్తిపాడు, సంతనూతలపాడు, కొండపి, యర్రగొండపాలెం. 2019లో కొండపి తప్ప అయిదూ వైఎస్సార్సీపీవి. 2024లో యర్రగొండపాలెం తప్ప అయిదూ టీడీపీవి. దళితులు మూకుమ్మడిగా పార్టీ మారారని దీన్నిబట్టి తేల్చడం తొందరపాటని మేమంటాం. ఆరింటిలో ఏ ఒక్కచోటా దళిత ఓటర్లు సగం లేరు. అభ్యర్థి మనవాడే, గెలుపోటములు తేల్చే ఓటు మాత్రం ఎక్కువగా ఊరిది.

వాడ ఓటు తెలియాలంటే బూత్‌లవారీ లెక్కలుండే ఫారం-20 చూడాలి. ఊరూ వాడా ఒకే బూత్‌లో కలిస్తే అదీ ఏమీ చెప్పదు. వాడకు విడిగా బూత్ ఉంటే మాకే కాదు, కూలికి పిలిచే, కౌలుకిచ్చే ఆసామికీ తెలిసిపోతుంది. రహస్య ఓటు వాడ దగ్గర సగమే రహస్యం.

పార్టీల మీద అపనమ్మకానికి చరిత్ర ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు తెలుగుదేశం పాలన. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికినప్పుడు కాంగ్రెస్ పాలన. కారంచేడు నుంచి దళిత మహాసభ పుట్టింది. 1994 ఎన్నికల్లో ఆశలు రేపిన బీఎస్పీకి రాష్ట్రంలో ఒక్క సీటూ రాలేదు. చుండూరు ఇవాళ వేమూరు రిజర్వుడు స్థానంలో ఉంది. కారంచేడు మాత్రం పర్చూరు జనరల్ స్థానంలో.