నారుమడిలో మొలిచిన కళాశాలలు

మిరపనారును ఒకచోట పెంచి, పొలము పదునైన పిదప మరొకచోట నాటుట రాయలసీమ రైతు ఎరిగిన పనియే. సీమలో సాంకేతిక విద్యయు ఇట్లే వేళ్లూనినది.

అనంతపురం ఇంజనీరింగు కళాశాల 1946లో మదరాసునందలి గిండీలో ప్రారంభమై, 1948లో అనంతపురం చేరినది. దాదాపు డెబ్బది ఏండ్లకు ఇదే పద్ధతి మరల కనిపించినది. కర్నూలు ట్రిపుల్ ఐటీ తొలి తరగతులు 2015లో కాంచీపురం సంస్థలో మొదలైనవి. 2017లో పార్లమెంటు చట్టము దీనిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థల జాబితాలో చేర్చినది. కట్టడములు సిద్ధమైన పిదప అది ఓర్వకల్లు దారిలోని జగన్నాథగట్టునకు తరలివచ్చినది.

ఇందలి మేలేమి? గోడలు లేచువరకు చదువు ఆగలేదు. తొలి విద్యార్థుల ఏండ్లు వృథా కాలేదు. అయితే నారు నాటినంతనే పంట పండదు. మెట్టనేలకు నీరు, ప్రయోగశాలకు పరికరములు, తరగతికి అధ్యాపకులు ఏటేటా ఎట్లు అందునో ముందుగా లెక్కించుటయే నిజమైన ప్రణాళిక.