నులిపురుగుల వైరస్‌లు

పరాన్నజీవులుగా బతికే నులిపురుగులకు సోకే వైరస్‌లివి. ఈ పురుగుల్లో ఒకటి పసుపు పండించే దుగ్గిరాల రైతుకు పాత శత్రువే. పసుపు బేరంలో కొమ్ము విరిచి లోపలి రంగు చూడటం మామూలు. వేరుముడి నులిపురుగు (మెలాయిడోగైనీ ఇన్‌కాగ్నిటా) పట్టిన దుంపలో ఆ రంగే పాలిపోతుంది. అర మిల్లీమీటరు కూడా లేని పిల్లపురుగు వేరు కొసలోంచి దూరి, ఒకచోట స్థిరపడి రసం పీలుస్తుంది. దాని చుట్టూ వేరు బుడిపెలు కడుతుంది, పైన మొక్క గిడసబారుతుంది.

ఈ పురుగుకే జబ్బు చేసిన ఉదంతం 1959లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. లోవెన్‌బర్గ్, సలివన్, షూస్టర్‌ల ప్రయోగశాలలో పిల్లపురుగులు మందకొడిగా తయారై, వేళ్లమీద బుడిపెలు కట్టించలేకపోయాయి. బాక్టీరియాను ఆపే వడపోతలోంచి దిగిన ద్రవం తగిలినా మంచి పురుగులు జబ్బుపడ్డాయి. అంటే వైరస్ అయి ఉండాలి. కానీ ఆ కణం వాళ్ల కంటపడలేదు. తీగ చేతికొచ్చింది గానీ డొంక కదలడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

2011లో అమెరికాలో సోయాచిక్కుడు వేళ్లను పీడించే నులిపురుగులో నాలుగు ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల జన్యుక్రమాలు బయటపడ్డాయి.

మనిషిని పట్టే పురుగుల సంగతి 2024లో తేలింది. లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాల పరిశోధకులు, వారి సహచరులు పరాన్నజీవి నులిపురుగులు 41 జాతుల జన్యు సమాచారం గాలిస్తే, 28 జాతుల్లో 91 ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు కనిపించాయి. వాటిలో అంతకుముందు తెలిసినవి ఐదే. బోదకాలు తెచ్చే బ్రూజియా మలయి, ఆఫ్రికాలో నదీ అంధత్వం తెచ్చే ఆంకోసెర్కా వాల్వులస్ పురుగుల పునరుత్పత్తి కణజాలంలో వైరస్ దండిగా ఉంది. బ్రూజియా దాన్ని ఊరికే మోయడం లేదు, ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ అనే రక్షణ పద్ధతితో ఎదుర్కొంటోంది. వైరస్ పురుగు లోపల వృద్ధి చెందుతోందనడానికి అదొక ఆధారం.

91 అనే అంకె కన్నా గట్టి విషయం మరొకటుంది: పురుగు సోకిన మనుషుల రక్తంలో దాని వైరస్‌కు ప్రతిరక్షకాలు దొరికాయి. మన శరీరం పురుగుతోపాటు దాని వైరస్‌నూ గుర్తుపడుతోందన్నమాట. బోదకాలు వాపులో వైరస్ పాత్ర ఎంతన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది. వైరస్‌కూ పాత్ర ఉందన్న అనుమానానికి ఆస్కారం లేకపోలేదు, పురుగు లోపలి జీవి వాపు రేపడం కొత్త కాదు. కోస్తా జిల్లాల్లో బోదకాలు తెచ్చే ఉకరేరియా బాంక్రాఫ్టి, దాని దగ్గరి చుట్టమైన బ్రూజియా రెండూ, వోల్బాకియా అనే బాక్టీరియాను ఒంట్లో పెట్టుకుని బతుకుతాయి. మన ఒంట్లో వాపు రేగడానికి ఆ బాక్టీరియా కూడా కారణమే. డాక్సీసైక్లిన్ వారాల తరబడి వాడితే బాక్టీరియా నశించి, ఆడపురుగు గొడ్డుబోతవుతుంది.