అయిదు నిమిషాల పట్టీ

జ్వరంతో వచ్చినవారి జబ్బకు బీపీ పట్టీ చుట్టి, పై రీడింగుకూ కింది రీడింగుకూ సరిగ్గా నడిమిదాకా గాలి నింపి, అయిదు నిమిషాలు ఉంచుతారు. పట్టీ విప్పాక, మోచేతి మడత దిగువన ఒక చదరపు అంగుళంలో తేలిన ఎర్రచుక్కలు లెక్కపెడతారు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు చేసే టోర్నికే పరీక్ష ఇదే. సూదితో పనిలేదు.

మొదట్లో ఈ పరీక్షకూ దోమకూ సంబంధమే లేదు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి జబ్బకు చుట్టే బీపీ పట్టీని తెచ్చారు. చేతిని బిగించి కడితే స్కార్లెట్ జ్వరం రోగుల చర్మం కింద రక్తపు చుక్కలు పొడుస్తాయని 1909లో రుంపెల్, 1911లో లీడె రాశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అమెరికాలో ఆల్ఫ్రెడ్ హెస్ దీన్ని స్కర్వీ సోకిన పసిపిల్లల మీద వాడారు. సన్నటి రక్తనాళాలు ఎంత బలహీనపడ్డాయన్నదే అందరూ వెతికింది.

డెంగీ దగ్గరికి ఈ పరీక్ష తర్వాతే వచ్చింది. 1953-54లో మనీలాలో పిల్లలకు రక్తస్రావంతో కూడిన జ్వరం వచ్చింది. దాని వెనక ఉన్నవి డెంగీ వైరస్‌లేనని 1956లో విలియం హామన్ బృందం తేల్చింది. 1958లో అది బ్యాంకాక్‌ను ముంచెత్తింది.

అక్కడి పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సుచిత్ర నిమ్మానిత్య ఏళ్ల తరబడి మంచం పక్కనే ఉండి రోగులను గమనించారు. డెంగీ పిల్లలకు అసలు గండం జ్వరం దిగేటప్పుడే. రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటకు ఊరిపోతుంది. కాళ్లూ చేతులూ చల్లబడతాయి, నాడి సన్నబడుతుంది, కుడి డొక్క కింద కాలేయం చేతికి తగులుతుంది. పై రీడింగు 100 ఉందని ధైర్యపడకూడదు. కిందిది 85 అయితే తేడా 15 మాత్రమే. తేడా 20కి దిగిందంటే షాక్ కిందే లెక్క. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలకు బ్యాంకాక్ అనుభవమే ఆధారం.

మన దగ్గర డెంగీ అనగానే ముందు ప్లేట్‌లెట్లు ఎన్నని అడుగుతారు. ఆ లెక్కా కావాలి. కానీ పిల్లవాడి పాదం పట్టుకుని చూడటం అంతకంటే ముందు జరగాలి. టోర్నికే పరీక్షనూ గుడ్డిగా నమ్మలేం. ఒకప్పుడు 20 చుక్కలుంటేనే పాజిటివ్ అనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నాటి ఆగ్నేయాసియా మార్గదర్శకాల్లో ఆ అంకె 10. గట్టి షాక్‌లో ఉన్నవారికి చుక్కలు రాకపోవచ్చు, కోలుకునేటప్పుడు కనిపించవచ్చు.

కోలుకునేటప్పుడు కాళ్లూ చేతుల మీద ఎర్రటి దద్దు మధ్య తెల్లటి గుండ్రటి మచ్చలు కూడా తేలతాయి. రోగం ముదిరిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. నిజానికి అప్పటికి ఊరిన నీరు తిరిగి రక్తంలోకి చేరుతూ ఉంటుంది. సెలైన్ ఆపాల్సింది అప్పుడే.