సైబర్ టవర్స్ కంటే ముందు

హైదరాబాదులో చిప్పుల కథ 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభంతోనే మొదలైందనీ, ఈ ఊరు చిప్పుల్ని డిజైన్ చేస్తుంది తప్ప తయారు చెయ్యదనీ చాలామంది నమ్మకం. రెండూ సరికావు. మాదాపూర్ ఇంకా బండరాళ్ల గుట్టలుగా ఉన్న రోజుల్లోనే ఊరికి తూర్పున ఎలక్ట్రానిక్స్ వేళ్లూనుకుంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది. 1988లో రక్షణ శాఖ నెలకొల్పిన అనురాగ్ ప్రయోగశాల ప్రాసెసర్ల డిజైన్‌కు పూనుకుని ‘అనుపమ’ను రూపొందించింది. విజ్ఞాన కంచలోని రక్షణ శాఖ కేంద్రం గేటెక్ అయితే రాడార్లకు కావలసిన మైక్రోవేవ్ చిప్పుల్ని గాలియం ఆర్సెనైడ్ మీద స్వయంగా తయారు చేసింది. సిలికాన్‌లో కంటే ఆ పదార్థంలో ఎలక్ట్రాన్లు ఐదారు రెట్లు చురుగ్గా కదులుతాయి.

రాడార్ల కోసం కొద్ది సంఖ్యలో చేసేదాన్ని పరిశ్రమ అనగలమా? అనలేం. కోట్ల ఫోన్లకు చిప్పులు అందించే కర్మాగారం, అంటే ఫ్యాబ్, సంగతి వేరు. 2006లో సెమ్‌ఇండియా అనే కంపెనీ ఏఎండీ పరిజ్ఞానంతో శంషాబాదు వైపు ఫ్యాబ్ సిటీలో తలపెట్టింది అలాంటిదే. అది కాగితం దాటలేదు. దాన్ని చూపించి ఇక్కడ తయారీ అచ్చిరాదని తేల్చేయడం మాత్రం తొందరపాటు. ఫోన్ చిప్పుల తయారీ అనేది గీతల మందాన్ని నానోమీటర్లలో తగ్గించుకుంటూ, కొన్నేళ్లకోసారి యంత్రాలు మార్చుకుంటూ పరిగెత్తాల్సిన పందెం. 5జీ టవర్లలో వాడే గాలియం నైట్రైడ్‌కూ, విద్యుత్ కార్లలో వాడే సిలికాన్ కార్బైడ్‌కూ అంత సన్నని గీతలు అక్కర్లేదు. స్ఫటికం ఎంత లోపం లేకుండా పెరిగింది, వేడి ఎంత త్వరగా బయటికి పోయింది అన్నవే అక్కడ ప్రశ్నలు. పరిశోధకుల చూపు ఇప్పుడు వీటి మీద గట్టిగా ఉంది. గేటెక్ చేతికి అలవాటైన పనీ ఈ కోవదే.

ఇంకో అభ్యంతరం బలమైంది. హైటెక్ సిటీ చుట్టుపక్కల డిజైన్ కేంద్రాలు క్వాల్కమ్, ఏఎండీ వంటి అమెరికా కంపెనీలు పెట్టినవి, ఈసీఐఎల్ వారసులు కావు. ఒప్పుకుంటాను. నన్ను బాధించేదీ అదే. పడమటి డిజైన్ విదేశీ యజమానులది, తూర్పు తయారీ విద్య రక్షణ గోడల లోపలిది. మాదాపూర్‌లో రూపుదిద్దుకున్న చిప్పు తయారీకి తైవాన్ వెళ్తుంది. విజ్ఞాన కంచలో తయారైనది రాడార్‌లోకి వెళ్తుంది. రాని ఫ్యాబ్ కంటే ఈ ఎడబాటే పెద్ద నష్టమని నా అభిప్రాయం. పలువురు తమ డిజైన్లను చిప్పులు చెక్కే ఒకే పలక (వేఫర్) మీద పంచుకుని, ఖర్చు తగ్గించుకుని చేయించుకునే ఏర్పాటు ఐరోపా విశ్వవిద్యాలయాలకు ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ అలాంటిది పెట్టుకోవడానికి దూరం అడ్డు కాదు: మాదాపూర్ నుంచి విజ్ఞాన కంచకు ఒక పూట ప్రయాణం కూడా లేదు.