దొరల గోరీలు, రంగం ఓడలు

భీమునిపట్నంలో సముద్రానికి దగ్గరగా డచ్చివాళ్ల శ్మశానం ఉంది. దాని పేరు హాలెండర్స్ గ్రీన్. విజయనగరం వైపు నుంచి వెళ్లే మా బోటివాళ్లకి మాత్రం అవి దొరల గోరీలే. ఇటుకా సున్నంతో కట్టిన సమాధులు, కొన్ని కోసుగా పైకి లేచి ఉంటాయి. పదిహేడో శతాబ్దం నుంచీ ఉన్నాయి. 1897లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ డచ్చి కట్టడాల మీద వేసిన పుస్తకంలో పులికాట్, మచిలీపట్నంతో పాటు భీమిలికీ చోటు దక్కింది.

దొరలు సరే, మరి ఆడవాళ్లు? 1602లో పుట్టిన డచ్చి కంపెనీ, స్వదేశం నుంచి స్త్రీలని పంపించే పని కొన్నాళ్లు చేసి మానేసింది. ఉద్యోగులు చాలామంది ఇక్కడి స్త్రీలతోనో, ఇక్కడ పుట్టిన మిశ్రమ సంతానంతోనో కాపురాలు చేశారు. చర్చిలో పెళ్లయిన ఆమెకి రాతిపలక దొరికే అవకాశం ఉండేది. తక్కినవాళ్లకి అదీ లేదు. డచ్చి సమాధి రాతల్లో భార్యని పుట్టింటి పేరుతోనే చెప్పి, ఆ తర్వాత 'ఫలానావారి ఇల్లాలు' అంటారు. మన ఇంటిపేర్ల గొడవ తలుచుకుని నాకు కాస్త అసూయ కలిగింది.

వాళ్లు వచ్చింది బట్టల కోసం. మగ్గం మీద కూర్చున్న మగవాడికి నూలు వడికి ఇచ్చింది ఆడవాళ్లు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వే స్త్రీలని చూసినవాళ్లకి అదెంత చాకిరీయో చెప్పక్కర్లేదు. కంపెనీ లెక్కల్లో తానులున్నాయి, వడికిన చేతులు లేవు. ఇదే కంపెనీ 1659-61 కరువులో తంజావూరు వైపు నుంచి వేలమందిని బానిసలుగా కొని ఓడలెక్కించింది. వాళ్ల గోరీలు ఏ తీరాన వెతుకుతాం?

1825లో భీమిలి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఆ తర్వాత ఈ రేవు నుంచీ, కళింగపట్నం నుంచీ మనవాళ్లు రంగం వెళ్లారు. రంగూన్‌ని మా వైపు అలాగే అంటాం. రేవుల్లో మూటలు మోయడానికీ, ధాన్యం మిల్లుల్లో పనికీ వెళ్లినవాళ్లలో అత్యధికులు మగవాళ్లే. 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో తెలుగు కూలీలు చచ్చిపోయారు. 1942లో జపాను సైన్యం వస్తుంటే లక్షలమంది భారతీయులు అడవులగుండా నడిచి వచ్చారు. దారిలో పడిపోయినవాళ్లని పాతిపెట్టే తీరికైనా ఎవరికుంది?

మా అమ్మమ్మ అక్క భర్త రంగం వెళ్లాడు. 1942 తర్వాత కబురు లేదు. ఆయన చచ్చిపోయాడని చెప్పడానికి శవం లేదు, ఆబ్దికం పెట్టడానికి తిథి లేదు. తిథి తెలియనివాళ్లకి మహాలయ అమావాస్య నాడు పెట్టొచ్చని పురోహితుడు చెప్పాడట. ఆవిడ పెట్టనివ్వలేదు. ఎనభై ఏళ్లు దాటి పోయేదాకా బొట్టు తియ్యలేదు, మట్టెలూ తియ్యలేదు.