పీహెచ్‌డీ తర్వాత దొరికిన టైం

హైమన్‌డార్ఫ్ పేరు మనందరికీ తెలుసు. మార్లవాయికి రాకముందు ఆయన చదువు ఎలా సాగిందో తెలుసా?

1931లో వియన్నాలో పీహెచ్‌డీ అయింది. తర్వాత 1935లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ వచ్చింది. దాంతో లండన్‌లో మాలినోవ్‌స్కీ దగ్గర చదువుకున్నారు. ఊళ్లో ఉండి, జనం భాషలో విని రాసే పద్ధతి ఆ గురువుది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల కష్టాలు తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల ట్రైనింగ్ మొదలైంది. గోండీలో వాచకాలొచ్చాయి.

మనోళ్లకేమో పీహెచ్‌డీ కాగానే ఇంటి భారం, గెస్ట్ లెక్చరర్ పని. పుస్తకం రాసే టైమేదీ? ఐసీఎస్ఎస్ఆర్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఇచ్చేది ఆ టైమే. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, థీసిస్‌తో ఆగకండి. తాతలు గోండీలో చెప్పేది అనువాదం లేకుండా అర్థమయ్యేది మనకే.