నాణెము వేసి ఆడిన ఆటలు

రైల్వే స్టేషను ప్లాట్‌ఫారముపై బరువు తూచు యంత్రమును చూడనివారు మన పెద్దలలో అరుదు. రంగు దీపములు మిణుకుమిణుకుమనుచుండగా దానిపై నిలిచి, సందులో నాణెము వేసినచో, లోపల ఏదో కదలిన చప్పుడు వినబడి, బరువు అచ్చువేసిన చిన్న అట్టముక్క బయటకు వచ్చెడిది. బరువు తెలిసికొనవలెనను కోరికకంటె, యంత్రము తమ నాణెమును మింగి ఏమి చేయునో చూడవలెనను కుతూహలమే పిల్లలను దానివైపు లాగెడిది.

ఈ కుతూహలము చాల ప్రాచీనమైనది. క్రీ.శ. మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరములో నివసించిన హీరో అను పండితుడు ఇట్టి యంత్రమునే వర్ణించెను. దేవాలయమున ఉంచిన పాత్రలో నాణెము వేసినచో, అది లోపలి తులాదండము ఒక కొనపై పడి దానిని క్రిందికి వంచును. రెండవ కొన పైకి లేచి ఒక మూతను ఎత్తును. కొంత పవిత్రజలము బయటకు వచ్చును. నాణెము జారిపోగానే మూత మరల మూసికొనును. ఇచ్చిన సొమ్మునకు ఇంత అని కొలిచి ఇచ్చుటయే ఇందలి సూత్రము.

ఇరువదియవ శతాబ్దపు చివరి భాగమున ఈ సూత్రమునే ఒక క్రొత్త వస్తువునకు అన్వయించిరి. నీటికి బదులు కాలమును కొలిచి ఇచ్చు యంత్రములు వచ్చినవి. అవియే వీడియో ఆటల యంత్రములు. అమెరికా, జపాను దేశములలో 1970, 1980 దశకములలో పెరిగినవారు ఆ యంత్రములుండిన ఆటశాలలను తలచుకొన్నపుడు నేటికిని వారి ముఖములు వికసించును. నేడు మన చేతిలోని ఫోనులో అంతకంటె ఎన్నో వేల రెట్లు శక్తిగల కంప్యూటరు ఉన్నది. నాటి ఆటలలో పెక్కింటిని దానిపైననే ఆడవచ్చును. అయినను ఆ పాత ఆటశాలలపై బెంగ ఎందుకు? ఇది కేవలము బాల్యముపై మమకారమా? లేక ఆ యంత్రములలో నేడు కొరవడినది ఏదైన ఉండెనా? సమాధానము కొరకు వాటి చరిత్రను కొంచెము తెలిసికొనవలెను.

ప్రయోగశాల నుండి పానశాలకు

1958లో అమెరికాలోని బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాలను చూడవచ్చిన ప్రజల వినోదమునకై విలియం హిగిన్‌బోథం అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక టెన్నిసు ఆటను అమర్చెను. చిన్న ఆసిలోస్కోపు తెరపై కాంతిబిందువు బంతివలె ఎగిరి, భూమ్యాకర్షణకు లోబడినట్లు క్రిందికి వంగి పడెడిది. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 అను కంప్యూటరుపై ‘స్పేస్‌వార్’ అను ఆటను రచించిరి. రెండు అంతరిక్ష నౌకలు ఒక నక్షత్రపు ఆకర్షణలో తిరుగుచు ఒకదానిపై ఒకటి అస్త్రములు వేసికొనుచుండును. ఆట అద్భుతమే. కాని ఆ కంప్యూటరు ఖరీదు సుమారు 1,20,000 డాలర్లు. అంత విలువగల యంత్రమును నాణెములకొరకు వీధిలో నిలుపగలవారెవరు?

అయినను 1971లో ఇద్దరు సాహసించిరి. బిల్ పిట్స్, హ్యూ టక్ అనువారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఒక చిన్న కంప్యూటరుకు నాణెముల పెట్టె తగిలించి, ఆటకు 10 సెంట్ల చొప్పున ఆడనిచ్చిరి. విద్యార్థులు గుమిగూడిరి గాని యంత్రము ఖరీదు రాబట్టుట దుర్లభమయ్యెను. అదే సంవత్సరమున నోలన్ బుష్‌నెల్, టెడ్ డాబ్నీ అనువారు వేరొక మార్గము త్రొక్కిరి. కంప్యూటరునే మానివేసి, ఆటకు కావలసినంత మేరకు మాత్రమే ఎలక్ట్రానిక్ వలయములను కూర్చి, ‘కంప్యూటర్ స్పేస్’ అను యంత్రమును చేసిరి. అది అంతగా రాణింపలేదు. ఆడువిధానము సామాన్యులకు క్లిష్టముగా తోచెను.

1972లో వీరు అటారీ సంస్థను స్థాపించి, అలన్ ఆల్కార్న్ అను ఇంజనీరుచేత ‘పాంగ్’ అను ఆటను చేయించిరి. తెరపై రెండు గీతలు, వాటి నడుమ ఒక చుక్క. గీతలే బ్యాట్లు, చుక్కయే బంతి. మొదటి యంత్రమును కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున ఒక పానశాలలో ఉంచిరి. కొన్నాళ్ళకు అది పనిచేయుట మానినదని కబురు వచ్చెను. ఆల్కార్న్ వెళ్ళి తెరచి చూడగా వలయములలో దోషమేమియు లేదు. నాణెములు పడు డబ్బా నిండి పొర్లిపోవుటయే కారణము!

పాంగ్‌లో కంప్యూటరు లేదు, ప్రోగ్రాము లేదు. బ్యాటును ఎనిమిది భాగములుగా విభజించి, బంతి నడుమ తగిలినచో తిన్నగను, అంచున తగిలినచో ఏటవాలుగను పోవునట్లు వలయములనే కూర్చిరి. ఇందులో ఒక లోపము కూడ ఉండెను. బ్యాటు తెర పైఅంచు వరకు పోలేకపోయెడిది. ఆల్కార్న్ దానిని సరిదిద్దక అట్లే విడిచెను. ఏలయన, ఆ సందు లేనిచో నేర్పరులైన ఇద్దరు ఆటగాండ్రు ఒకే నాణెముతో ఎంతసేపైన ఆడుచుండవచ్చును. ఆట ముగియవలెను, వేరొక నాణెము పడవలెను. ఆటయొక్క రూపమును నాణెమే నిర్ణయించుచున్నదని ఇచట మొదటిసారి స్పష్టమగుచున్నది.

ప్రాసెసరు బరువు తగ్గిన కొలది

1975లో ‘గన్ ఫైట్’ అను ఆటతో మైక్రోప్రాసెసరు ఆటశాలలో అడుగుపెట్టెను. దాని మూలమైన జపాను ఆటను రూపొందించిన తొమొహిరొ నిషికాడొ 1978లో టైటో సంస్థ కొరకు ‘స్పేస్ ఇన్వేడర్స్’ను చేసెను. ఒక్కొక్క వరుసలో 11 చొప్పున ఐదు వరుసలలో 55 శత్రువులు తెరపై అటునిటు కదలుచు క్రమముగా క్రిందికి దిగుదురు. ఆటగాడు క్రింద నిలిచి వారిని కాల్చవలెను.

ఇందలి చమత్కారమును గణితోపాధ్యాయులు నల్లబల్లపై చూపవచ్చును. తెరపై చిత్రము సెకనుకు 60 సార్లు మారును. ఇంటెల్ 8080 ప్రాసెసరు వేగము తక్కువ అగుటచే ఒక్కొక్క మార్పునకు ఒక్క శత్రువును మాత్రమే కదల్చును. శత్రువులు 55 మంది ఉన్నపుడు అందరును ఒక్క అడుగు వేయుటకు 55/60, అనగా సుమారు 0.9 సెకను పట్టును. పదిమంది మిగిలినపుడు సెకనులో ఆరవవంతు చాలును. ఒక్కడే మిగిలినచో అతడు సెకనుకు 60 సార్లు కదలును! శత్రువులు తగ్గినకొలది వేగము పెరుగుటకు కారణము వారి కోపము కాదు, ప్రాసెసరుపై బరువు తగ్గుట. నిషికాడొ దీనిని గమనించి, ఆటకు ఇదియే ఉత్సాహమిచ్చునని అట్లే ఉంచెను. గుండెచప్పుడువలె మ్రోగు నాలుగు స్వరములు కూడ శత్రువులు తగ్గినకొలది త్వరితమగును. ఆ చప్పుడు నేటికిని తమ చెవులలో ఉన్నదని ఆనాటి ఆటగాండ్రు చెప్పుదురు. వారు జ్ఞాపకముంచుకొన్నది, తెలియకయే, ఒక ప్రాసెసరు పరిమితిని!

ఈ ఆట మూలమున జపానులో 100 యెన్ల నాణెములకు కరవు వచ్చినదని ఒక కథ ప్రచారములో ఉన్నది. టంకశాల లెక్కలలో దీనికి ఆధారము కనబడదు. జ్ఞాపకములు తీయనివైనను, వాటిని లెక్కలతో సరిచూచుట చరిత్రకారుని విధి.

1980లో నామ్కో సంస్థకు చెందిన తోరు ఇవాతాని ‘ప్యాక్‌మన్’ను సృష్టించెను. యుద్ధముల ఆటలతో నిండిన ఆటశాలలకు స్త్రీలను కూడ ఆకర్షింపవలెనని, తినుటను ముఖ్యాంశముగా గైకొనెను. నాలుగు దయ్యములు తరుముచుండగా ఒక గుండ్రని జీవి చిక్కుదారిలో చుక్కలను తినుచు పోవుచుండును. నాలుగింటి స్వభావములు వేరు. ఎఱ్ఱనిది తిన్నగా వెంటబడును. గులాబిరంగుది మన ముందున్న చోటునకు గురిపెట్టును. నారింజరంగుది దూరమున ఉన్నపుడు తరిమి, దగ్గరకు రాగానే ప్రక్కకు మరలును. ఇవి అదృష్టముపై ఆధారపడిన కదలికలు కావు. మనము ఒకే విధముగా కదలినచో అవియు ఒకే విధముగా కదలును. ఈ సంగతిని గ్రహించిన ఆటగాండ్రు దారులను కాగితములపై గీచికొని, కంఠస్థము చేసి, ఇతరులకు నేర్పిరి. ప్రయోగము, పరిశీలన, ఊహ, మరల ప్రయోగము. ఇది విజ్ఞానశాస్త్రపు పద్ధతియే కదా!

ఎనిమిది బిట్లలో వ్రాయదగిన సంఖ్యలు 0 నుండి 255 వరకు మాత్రమే. అందుచే ప్యాక్‌మన్ 256వ దశకు చేరినవారికి తెర కుడిసగము అక్షరముల చిందరవందరగా కనబడును. ఆట అంతటితో ఆగిపోవును. అంతదూరము ఎవరైన ఆడుదురని రచయితలు ఊహింపలేదు.

వెనుక నిలిచినవారి విద్య

ఒక నాణెమునకు సాధారణముగా మూడు ప్రాణములు, కొలది నిమిషముల ఆట. చేతిలో నాణెములు తక్కువ, చూచుటకు మాత్రము ఖర్చు లేదు. కనుక నేర్పరి ఆడుచుండగా పదిమంది అతని వెనుక నిలిచి చూచెడివారు. తరువాతి వంతు తమదని తెలుపుటకు యంత్రపు అంచున ఒక నాణెము ఉంచుట అమెరికా ఆటశాలలలో ఆచారము. ఎవరును వ్రాయని ఆ నియమమును ఎల్లరు పాటించిరి. 1979లో వచ్చిన ‘ఆస్టరాయిడ్స్’ వంటి యంత్రములు ఎక్కువ అంకెలు సాధించినవారి పేరులోని మూడక్షరములను తెరపై నిలిపెడివి. ముఖము తెలియని మూడక్షరముల మనిషిని ఓడించుటకై బాలురు వారముల తరబడి కష్టపడిరి.

పెద్దల ఆందోళన కూడ నిరాధారము కాదు. బడి ఎగవేయుట, డబ్బు వ్యర్థమగుట కొన్నిచోట్ల వాస్తవమే. కాని నాణెపు ఆటలపై అనుమానము వీడియో ఆటలకు ముందే ఉన్నది. జూదమని తలచి న్యూయార్కు నగరము 1942లో పిన్‌బాల్ యంత్రములను నిషేధించి, 1976లో గాని ఆ నిషేధమును తొలగింపలేదు. ఫిలిప్పీన్సులో 1981లో వీడియో ఆటల యంత్రములనే నిషేధించిరి.

మన దేశమున ఇట్టి నిలువెత్తు యంత్రములు కొన్ని నగరములకే పరిమితమయ్యెను. 1990 దశకమున మన పట్టణములలో పెక్కుమంది చూచినది వేరు. ఒక చిన్న గది, రెండు మూడు టెలివిజన్లు, 1983లో జపానులో వెలువడిన ‘ఫ్యామిలీ కంప్యూటరు’కు నకళ్ళు, క్యాసెట్లు. సొమ్ము ఆటకు కాక గంటకు లెక్క. యజమాని చూపు గోడగడియారముపై ఉండెడిది. నేర్పు గలవానికి ఆట ఎక్కువసేపు సాగుట అమెరికా నాణెపు యంత్రముతోనే సాధ్యము. గడియారము ముందు నేర్పరికిని, క్రొత్తవానికిని ఒకే న్యాయము. అయినను వెనుక నిలిచి చూచువారు మాత్రము ఇచటను ఉండిరి.

మెల్లగా చెరిగిపోవు జ్ఞాపకములు

ఇండ్లలోనికి మంచి ఆటయంత్రములు వచ్చిన కొలది ఆటశాలలు క్షీణించెను. ఆటలకు పెట్టనికోటయైన జపానులో సైతము, తోక్యోలోని అకిహబారా ప్రాంతమున పేరుమోసిన ఒక సెగా భవనము 2020 ఆగస్టులో మూతపడెను.

యంత్రములకు కూడ వృద్ధాప్యము ఉన్నది. నాటి ప్రోగ్రాములను పెక్కింటిని ఈప్రామ్ అను చిప్పులలో నిక్షేపించిరి. అందు ప్రతి బిట్టును, చుట్టును విద్యుద్బంధకము కప్పిన అతిచిన్న ప్రదేశములో చిక్కుకొనిన విద్యుదావేశముగా ఉండును. అతినీలలోహిత కాంతి సోకినచో అది చెరిగిపోవును. అందుచేతనే చిప్పు గాజుకిటికీపై కాగితపు ముక్కను అంటింతురు. కాంతి సోకకపోయినను దశాబ్దములు గడచినపుడు ఆవేశము మెల్లగా జారిపోవచ్చును. కాప్‌కామ్ సంస్థ 1993 నుండి తెచ్చిన ఒక తరగతి యంత్రములలో, నకళ్ళను అరికట్టుటకై, రహస్య సంకేతమును బ్యాటరీ శక్తితో నిలిపిరి. బ్యాటరీ అయిపోయిననాడు ఆట కూడ చచ్చిపోవును.

ఈ నష్టమును గుర్తించి 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా ‘మేమ్’ అను ప్రోగ్రామును వెలువరించెను. పాత వలయముల ప్రవర్తనను నేటి కంప్యూటరులో యథాతథముగా అనుకరించి, ఆ యంత్రములు ఎట్లు పనిచేసెనో నమోదు చేయుట దాని ఆశయము. ప్రపంచపు నలుమూలల నుండి ఔత్సాహికులు దానికి తోడ్పడిరి. న్యూహాంప్‌షైరు రాష్ట్రమున లకోనియాలోను, న్యూయార్కు రాష్ట్రమున రాచెస్టరులోను ఉన్న ప్రదర్శనశాలలు అసలు యంత్రములను భద్రపరచుచున్నవి.

ఈ విధముగా వలయము దక్కినది, ప్రోగ్రాము దక్కినది. దక్కనిది వెనుక నిలిచిన ఆ పదిమంది. వంతు ఎట్లు నిర్ణయించుకొనిరి, ఎవరు ఎవరికి ఏమి నేర్పిరి, ఓడినవాడు ఏమి అనెను అనునవి ఏ చిప్పులోను లేవు. పాత ఆటగాని బెంగ ప్రధానముగా వీనికొరకే. ఫోనులో ఆ ఆటనే ఆడినను అది తీరకుండుటకు కారణమిదియే.

ఈ కొరతను కొంతవరకు మన పాఠశాలలు తీర్పవచ్చును. తమ పట్టణమున 1990 ప్రాంతమున వీడియో ఆటల అంగడి ఎక్కడ ఉండెడిదో, గంటకు ఎంత తీసికొనెడివారో, ఏ ఆటకు ఎక్కువమంది వచ్చెడివారో ఇంటి పెద్దలను అడిగి వ్రాసికొని రమ్మని విద్యార్థులకు చెప్పవచ్చును. ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పినచో మరియు మంచిది. ఏది నమ్మదగినదో విచారించుటతోనే చరిత్రాధ్యయనము ఆరంభమగును. ఆ అంగడులలో ఆడినవారు నేడు నడివయస్సువారు, అడిగినచో ఉత్సాహముతో చెప్పుదురు. చిప్పులోని విద్యుదావేశమువలె మనిషి జ్ఞాపకము కూడ జారిపోవునదే కనుక, ఆ అడుగుట ఈ సంవత్సరమే జరిగిన బాగుండును.